అరువు మాస్టారి సామాను

అరువు మాస్టారి చేతికి ఒక వస్తువు ఇచ్చినవాళ్ళు దాని సంగతి మరిచిపోవడమే ఆరోగ్యానికి మంచిది. ఆయన అడగడంలో ఏ లోపమూ లేదు. నవ్వుతూ అడుగుతాడు, రెండు చేతులా అందుకుంటాడు, "రేపు ఇచ్చేస్తాను" అని గట్టిగా మాట ఇస్తాడు. లోపమంతా ఆ రేపులోనే ఉంది. ఆ ఊళ్ళో పెళ్ళీడుకొచ్చిన అమ్మాయిలు కొందరు, తాము పుట్టకముందు మాస్టారు పట్టుకెళ్ళిన జల్లెడ గురించి అమ్మల నోట విన్నవాళ్ళే.

ఆయన ఊరి హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెప్పేవాడు. అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా వినపడేది కాదు. మామూలుగా ఇలాంటి పేర్లు మనిషి లేనప్పుడు చాటుగా అనుకుంటారు. ఈయన్ని మాత్రం ఎదురుగా నిలబడే "ఏమండీ అరువు మాస్టారూ" అని పిలిచేవాళ్ళు. ఆయన "చెప్పండి" అనేవాడు. చెప్పడం అయ్యేలోపు వాళ్ళ చేతిలో ఉన్నది ఆయన చేతిలోకి వచ్చేది.

పోనీ లేక అడిగేవాడా అంటే అదీ కాదు. ఆయన భార్య ఇంటికొచ్చిన వాళ్ళందరికీ ఈ గోడు చెప్పుకునేది. "మా ఇంట్లో నిచ్చెన ఉందమ్మా. ఎక్కడానికి అటకే లేదు. అయినా ఈయన ఇంకో నిచ్చెన కోసం ఊరంతా తిరుగుతాడు. మా సంబంధం మాట్లాడుతున్న రోజుల్లో మా ఇంటికొచ్చి మా నాన్నగారి గొడుగు పట్టుకెళ్ళాడు. దాన్ని అడగడానికని వెళ్ళిన మా నాన్న, గొడుగు సంగతి మరిచిపోయి పెళ్ళి ఖాయం చేసుకొచ్చాడు."

అలాంటి బడికి బదిలీ మీద పెద్దమేడం వచ్చింది. ఆవిడ ప్రధానోపాధ్యాయురాలు. స్వభావంలో మాస్టారికి పూర్తిగా వ్యతిరేకం. ఒకరి దగ్గర ఒక వస్తువు తీసుకోవాలంటే ఆవిడకి ఒంటి మీద జెర్రి పాకినట్టు ఉండేది. బస్సులో పక్కవాళ్ళ పేపరు మీదికి చూపు పోతే కళ్ళు మూసుకునేది. ఇంట్లో పంచదార నిండుకుంటే ఆ పూటకి చప్పటి టీ తాగేది గానీ పక్కింటి తలుపు తట్టేది కాదు. ఒకరికి బాకీ లేకుండా, ఒకరిని దేనికీ దేబిరించకుండా ఇన్నేళ్ళు నెట్టుకొచ్చానని ఆవిడకి లోలోపల కొంచెం గర్వం కూడా ఉండేది.

వచ్చిన వారంలోనే ఆవిడ ఆటసామాను గది తెరవమంది. బడి ఆయా తాళాలగుత్తి పట్టుకుని కాసేపు నీళ్ళు నమిలి, ఇక తప్పదని తలుపు తీసింది. లోపల బంతీ లేదు, బ్యాటూ లేదు.

"ఇదేంటి?" అంది పెద్దమేడం.

"కోళ్ళగంపండీ."

"అది తెలుస్తోంది. ఎవరిది?"

"మాస్టారిదండీ. అంటే మాస్టారిది కాదండీ. మాస్టారు తెచ్చిందండీ."

"ఆ కుర్చీ?"

"సెలూన్ ఆయన రెండో కుర్చీ అండీ. మామూలు రోజుల్లో ఇబ్బంది లేదట. ఆదివారాలు మాత్రం ఒకళ్ళకి చేస్తుంటే ఇంకొకళ్ళు నిలబడాల్సి వస్తోందని గోల పెడుతున్నాడు."

గొడుగులు, టార్చిలైట్లు, ఇస్త్రీపెట్టె, పాల క్యాను, ఎవరిదో గోడగడియారం, ట్రాక్టరు టైరు విప్పేటప్పుడు పైకి లేపే పెద్ద జాకీ. పెద్దమేడం చూస్తూ చూస్తూ గోడకి చేయి ఆనించుకుంది.

"ఇంతేనా?"

ఆయా కిందికి చూసింది. "వెనకాల మేక ఉందండీ."

"మేకని కూడా అరువు తెచ్చారా?"

"గడ్డి బాగా పెరిగిందనండీ. మేక వచ్చాక గడ్డి తగ్గింది. ఇప్పుడు పూలమొక్కలు కూడా తగ్గుతున్నాయి."

పెద్దమేడం ఆయన్ని తన గదికి పిలిపించింది. సన్నగా, పొడుగ్గా, భుజాన గుడ్డసంచీతో మాస్టారు వచ్చాడు. ఆవిడ నోరు తెరిచేలోపే, "మేడం, మీ స్టేప్లర్ ఒకసారి ఇస్తారా? రేపు ఇచ్చేస్తాను" అన్నాడు. ఆవిడ అలవాటు లేని అయోమయంలో ఇచ్చేసింది. ఏం అడగాలని పిలిచిందో గుర్తొచ్చేసరికి ఆయన తరగతిలో ఉన్నాడు, స్టేప్లర్ సంచీలో ఉంది.

ఆ తర్వాత ఆవిడ ఒక విడ్డూరం గమనించింది. వస్తువు అడగడానికి వచ్చినవాళ్ళకి ఆయన దాన్ని ఎప్పుడూ నేరుగా తీసి ఇవ్వడు. పాలావిడ ఒకరోజు కొంగు బిగించి వచ్చింది.

"మాస్టారూ, నా క్యాను ఇస్తారా, ఇవ్వరా?"

"అయ్యో, మర్చేపోయానమ్మా. ఎక్కడ పెట్టానో ఏమో. రండి, వెతుకుదాం."

ఆటసామాను గది ఎదురుగానే ఉంది. మాస్టారు దాని వైపు కన్నెత్తి చూడలేదు. పాలావిడని వెంటబెట్టుకుని ఒక్కో గదీ దాటుకుంటూ ఏడో తరగతిలోకి తీసుకెళ్ళాడు. అక్కడ ఆవిడ మనవడు కూర్చుని ఉన్నాడు.

"ఏరా, మీ అమ్మమ్మ క్యాను చూశావా?"

"లేదు సార్."

"సరే, లేచావు కదా, నిన్న చెప్పిన నదుల గురించి చెప్పు."

మనవడు చెప్పాడు. పాలావిడ ముందు గోడకి ఒదిగి నిలబడింది, తర్వాత వెనకబెంచీ చివర కూర్చుంది, చివరికి గడ్డం కింద చేయి పెట్టుకుని వింది. క్యాను లేకుండానే ఇంటికి వెళ్ళి, వీధిలో ప్రతి గడపలోనూ పాలతో పాటు నదులు కూడా పోసింది. మర్నాడు మళ్ళీ వచ్చింది.

"క్యాను కోసమా అమ్మా?"

"క్యాను సంగతి తర్వాత. నిన్న చివర చెప్పిన నది ఇంతకీ సముద్రంలో కలిసిందా, లేదా? వీడేమో గంట కొట్టేశారని ఆపేశాడు."

ఇలా పొద్దున ఒకరు, మధ్యాహ్నం ఒకరు వస్తూనే ఉండేవాళ్ళు. కోళ్ళగంప తాలూకు ముసలమ్మ వరండాలో కూర్చుని ఆయాతో కలిసి బియ్యం ఏరేది. సెలూన్ ఆయన తొమ్మిదో తరగతి గుమ్మంలో నిలబడి కొడుకు రాసిన బోర్డు వంకా, వాడి జుట్టు వంకా మార్చిమార్చి చూసేవాడు. పెద్దమేడం కిటికీలోంచి చూసి పళ్ళు కొరుక్కునేది.

"ఇది బడా, బస్టాండా?" అని మాస్టారిని నిలదీసింది. "మీ వల్ల రోజూ ఫిర్యాదులు."

"వాళ్ళు ఫిర్యాదు చేయడానికి రావట్లేదు మేడం."

"మరి?"

"వస్తున్నారు. అంతే."

ఇదేం జవాబో ఆవిడకి అంతు పట్టలేదు.

వచ్చేవాళ్ళలో ఒక్క మనిషి మాత్రం ఎన్నడూ రాలేదు. జాకీ సొంతదారు. ఊళ్ళో ఆయన్ని ట్రాక్టరాయన అంటారు. కూతురు ఆ బడిలోనే పదో తరగతి. ఆ పిల్ల ఎనిమిదిలో ఉండగా మాస్టారు జాకీ పట్టుకెళ్ళాడు. అప్పటి నుంచి టైరు పంక్చరైన ప్రతిసారీ ట్రాక్టరాయన పక్క ఊరి దాకా వెళ్ళి ఇంకొకరి జాకీ తెచ్చుకునేవాడు గానీ బడి గేటు మాత్రం దాటేవాడు కాదు. "నా జాకీ అక్కడే తుప్పు పట్టనీ. ఆ గుమ్మం మాత్రం ఎక్కను" అని టీకొట్టు దగ్గర అందరి ముందూ చెప్పేవాడు. బడి ముందు నుంచి వెళ్ళేటప్పుడు ట్రాక్టరుని కావాలనే ఇంకాస్త గట్టిగా అరిపించేవాడు. ఆ చప్పుడు వినిపించినప్పుడల్లా మాస్టారు పాఠం ఆపి చెవి అటు పెట్టేవాడు.

"ఆయన రాడు, వదిలెయ్యండి" అన్నారు తోటి మాస్టార్లు.

"వస్తాడు. పంక్చరు పడని టైరు ఇంకా పుట్టలేదు" అనేవాడు మాస్టారు.

అర్ధ సంవత్సర పరీక్షలు అయ్యాయి. లెక్కల్లో పదో తరగతి పిల్లలు చాలామంది తప్పారు. పెద్దమేడం బడిని గాడిలో పెట్టాలనుకుని ఒక నియమం పెట్టింది. తప్పినవాళ్ళు ఇంట్లో పెద్దవాళ్ళని వెంటబెట్టుకు వస్తేనే తరగతిలో కూర్చోవాలి. ఆవిడ ఉద్దేశం మంచిదే. తల్లిదండ్రులకి సంగతి తెలియాలి, పిల్లలకి భయం ఉండాలి.

అరువు మాస్టారు తల గోక్కున్నాడు. "అలా పిలిస్తే రారు మేడం."

"పిలవకుండానే రోజూ వచ్చే జనం, పిలిస్తే ఎందుకు రారు?"

ఆయన ఏదో చెప్పబోయి పైకప్పు వంక చూసి ఊరుకున్నాడు. ఆ సాయంత్రమే ఆయన సెలవు మీద వెళ్ళాలి. కూతురికి కాన్పు రోజులు దగ్గర పడ్డాయి. భార్య అప్పటికే సంచులు సర్దుకుని బస్టాండులో కూర్చుంది. అంత హడావుడిలోనూ గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, "మేడం, మీ గొడుగు ఒకసారి ఇస్తారా?" అన్నాడు. ఆకాశంలో మబ్బు తునక లేదు. ఆవిడ పోట్లాడే ఓపిక లేక ఇచ్చేసింది.

ఆయన అటు వెళ్ళగానే పై అధికారి తనిఖీకి వస్తున్నాడని కబురు వచ్చింది. కోళ్ళగంప గురించి అధికారికి ఏమని చెప్పాలి? మేకని ఏ పద్దులో చూపించాలి? ఆవిడ ఒక తోపుడుబండి మాట్లాడి, ఆయాని తోడు పెట్టుకుని, గదిలోని సామానంతా, వెనకాల మేకతో సహా, ఎవరిది వాళ్ళకి అప్పగించి రావడానికి స్వయంగా బయల్దేరింది. ప్రతి గడప ముందూ ఆగి, "ఇన్నాళ్ళూ ఉంచుకున్నందుకు మన్నించండి" అంటూ చేతికి అందించింది.

అందరూ ఎగిరి గంతేస్తారనుకుంది. ఎవరూ గంతెయ్యలేదు. కోళ్ళగంప ముసలమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మీరు తేవడం దేనికమ్మా, రేపు నేనే వచ్చేదాన్నిగా" అని మొహం చిన్నబుచ్చుకుంది. పాలావిడ క్యాను గుమ్మంలో పెట్టుకుని దాని పక్కనే చాలాసేపు నిలబడింది. సెలూన్ ఆయన కుర్చీ అందుకుని, "మా మీద మాస్టారికి కోపం వచ్చిందా అండీ?" అని అడిగాడు. సంతోషించినవాడు ఒక్క ట్రాక్టరాయనే. "చూశారా, గుమ్మం ఎక్కకుండానే నా జాకీ నా దగ్గరికి నడిచొచ్చింది" అని టీకొట్టులో అందరికీ టీలు ఇప్పించాడు.

అధికారి వచ్చాడు, గది శుభ్రంగా ఉందన్నాడు, వెళ్ళిపోయాడు. గేటు మూసి ఉంచడం మొదలైంది. వరండాలో బయటి మనిషి అంటూ లేడు. బడి ఇలా కదా ఉండాలి అనుకుని పెద్దమేడం కొన్నాళ్ళు హాయిగా ఊపిరి పీల్చుకుంది.

ఆ హాయి ఎక్కువ కాలం నిలవలేదు. తల్లిదండ్రుల సమావేశానికి ఆవిడ వరండా నిండా కుర్చీలు వేయించింది. ఫ్లాస్కుల్లో టీ పెట్టించింది. ఇద్దరే వచ్చారు. వాళ్ళలో ఒకాయన కరెంటు మీటరు చూడటానికి వచ్చినవాడు. టీ అంతా మాస్టార్లు తాగలేక తాగారు. లెక్కల్లో తప్పినవాళ్ళలో కొందరు అమ్మల్ని తెచ్చారు. ఆ అమ్మలు తలవంచుకుని వచ్చి, తలవంచుకునే విని, ఒక్క మాట మాట్లాడకుండా వెళ్ళిపోయారు. కొందరు పిల్లలు పెద్దవాళ్ళని తేవడం మాట అటుంచి, తామే రావడం మానేశారు. ఎవరికి జ్వరమో, ఎవరు పనికి పోతున్నారో ఇదివరకు పాలావిడ చెప్పేది. ఇప్పుడు చెప్పే దిక్కు లేదు.

లెక్కల్లో తప్పిన ట్రాక్టరాయన కూతురి చోటు పదో తరగతిలో ఖాళీగా ఉంది. పెద్దమేడం ఆయాని పంపింది. ఆయా తిరిగొచ్చి గుమ్మం దగ్గరే నిలబడిపోయింది.

"ఏమన్నాడు?"

"పిల్లని పట్నంలో వాళ్ళ అత్త దగ్గరికి పంపించేస్తున్నాడటండీ. బట్టలకొట్లో పనికి."

"పరీక్షలు పెట్టుకునా? నేను రమ్మన్నానని చెప్పావా?"

"చెప్పానండీ." ఆయా కాసేపు తటపటాయించింది. "వాళ్ళ వస్తువేదీ నా దగ్గర లేదు, నా వస్తువేదీ వాళ్ళ దగ్గర లేదు, ఇంక మాటలెందుకు అన్నాడండీ."

పెద్దమేడంకి ఆ మాట చెంప మీద కొట్టినట్టు తగిలింది. ఎవరి దగ్గరా ఏమీ లేకుండా బతకడమే కదా తను ఇన్నాళ్ళూ గొప్పనుకున్నది. ఆ గొప్ప ఇప్పుడు ఒక పిల్లని బట్టలకొట్టుకి పంపుతోంది. ఆ పిల్ల మొదటి వరసలో కూర్చునేది, చేతిరాత గుండ్రంగా ఉండేది. ఆవిడ ఆ సాయంత్రం దాకా ఏ పనీ చేయలేకపోయింది.

మర్నాడు అరువు మాస్టారు ఊరి నుంచి వచ్చాడని తెలిసింది. ఆవిడ బడి అయ్యే దాకా ఆగలేక మధ్యాహ్నమే ఆయన ఇంటికి వెళ్ళింది. తలుపు తీసిన మనిషితో ఏమని మొదలుపెట్టాలో తెలియలేదు. సాయం చేయండి అనే మాట ఆవిడ నోట ఎన్నడూ పలికింది కాదు.

"నా గొడుగు కోసం వచ్చానండీ" అంది.

బయట ఎండ పెళ్ళున కాస్తోంది. "రండి మేడం, వెతుకుదాం" అన్నాడు మాస్టారు. గొడుగు ఎదురుగా మేకుకే వేలాడుతోంది. ఇద్దరూ దాన్ని చూశారు. ఇద్దరూ చూడనట్టే లోపలికి వెళ్ళి కూర్చున్నారు. మాస్టారి భార్య టీ ఇచ్చి, మనవరాలు పుట్టిందని చెప్పింది. టీ సగం అయ్యాక పెద్దమేడం గొంతు సవరించుకుంది.

"సామాను మొత్తం తిరిగిచ్చేశాను."

"విన్నాను మేడం."

"తప్పు చేశానా?"

"ఎవరి వస్తువు వాళ్ళకి ఇస్తే తప్పెలా అవుతుంది?" ఆయన గ్లాసు కింద పెట్టాడు. "కాకపోతే ఈ ఊళ్ళో చాలామందికి మన గేటు చూస్తే ఇప్పటికీ చేతులు వాటంతటవే కట్టుకుంటాయి మేడం. బడి పిలిచిందంటే చివాట్లకే అనుకుంటారు. 'మాకేం తెలుసు, మీరే చూసుకోండి' అని గుమ్మం బయటే ఆగిపోతారు. అదే మనిషిని తన నిచ్చెన కోసం రానివ్వండి, చెప్పులు టకటకలాడించుకుంటూ వస్తాడు. తప్పు మనది కదా. మనల్ని ఒక మాట అంటాడు, మనం తల గోక్కుంటాం. ఆ తర్వాత మన పక్కనే కూర్చుని పిల్లాడి గురించి తీరిగ్గా మాట్లాడతాడు."

పెద్దమేడం టీ గ్లాసులోకి చూసింది. "ఇది నాకు ముందే చెప్పొచ్చుగా."

"చెబితే ఒప్పుకునేవారా?"

ఆవిడ నిజాయితీగా ఆలోచించింది. "ఒప్పుకునేదాన్ని కాదు."

"పోనీ, గొడుగు నా దగ్గర లేకపోతే ఇవాళ మా ఇంటికి వచ్చేవారా?"

ఆవిడ మేకు వంక చూసింది. ఇంతకాలం నవ్వులాటగా, చిరాకుగా కనబడిన మనిషి ఆవిడకి ఆ క్షణాన వేరేగా కనబడ్డాడు. ఊరి చేత తిట్లు తినడానికి ఈయన ఇన్నేళ్ళు ఇంత కష్టపడ్డాడా అనిపించి కళ్ళు చెమర్చాయి. దాన్ని కప్పిపుచ్చుకోవడానికి టీ గబగబా తాగింది.

తర్వాత ట్రాక్టరాయన సంగతి వచ్చింది. మాస్టారు మెల్లగా చెప్పాడు. "ఆయన మన బడిలోనే చదివాడు మేడం. ఎనిమిదిలో ఉండగా, పెద్దవాళ్ళని తీసుకురమ్మని గది బయట నిలబెట్టారు. తల్లి లేదు. తండ్రి పని కోసం ఊళ్ళు పట్టుకు తిరిగేవాడు. తీసుకురావడానికి ఇంట్లో ఎవరున్నారు? కాసేపు నిలబడి, అలాగే గేటు దాటి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు."

"నేనూ అదే చేశాను" అంది పెద్దమేడం. "ఆ పిల్లనీ అలాగే గది బయట నిలబెట్టాను."

"మీకు తెలియదు కదా మేడం."

"తెలుసుకోలేదు. మీరు వెళ్ళి ఏదైనా అడగండి. ఇంకో జాకీయో, ఏదో ఒకటి."

"నాకు ఇవ్వడు. జాకీ మంట ఇంకా చల్లారలేదు. మీరే వెళ్ళాలి."

"నాకు అడగడం రాదు మాస్టారూ. పుట్టి బుద్ధెరిగాక ఒకరిని చెంచా పంచదార అడగలేదు."

"ఏముంది మేడం, చాలా తేలిక. ఆయన దగ్గర ఉన్నదేదో, మన దగ్గర లేనిదేదో చూడాలి. చూసి నోరు తెరవాలి. అక్కడికి వెళ్ళాక అదే కనబడుతుంది."

లోపల్నుంచి మాస్టారి భార్య అంది. "నేర్పండి, బాగా నేర్పండి. ఊరికి మీరొక్కరు చాలలేదు."

పెద్దమేడం దారి పొడుగునా "మీ పార ఒకసారి ఇస్తారా, మీ బకెట్టు ఒకసారి ఇస్తారా" అని నోట్లో వల్లె వేసుకుంటూ వెళ్ళింది. ట్రాక్టరాయన ఇంటి ముందు ట్రాక్టరు కడుగుతున్నాడు. వరండాలో కూతురు బట్టలు మడత పెట్టి సంచీలో సర్దుతోంది. ఆ పిల్ల తల్లి గబగబా కుర్చీ వేసి మంచినీళ్ళు తెచ్చింది. ట్రాక్టరాయన నీళ్ళగొట్టం మాత్రం ఆపలేదు.

"పరీక్షల సంగతైతే మాట్లాడొద్దు మేడం. ఎల్లుండి పొద్దున బస్సుకి పిల్ల వెళ్తోంది. చెప్పేసిన మాట."

"నేను పరీక్షల గురించి రాలేదండీ."

"మరి?"

పెద్దమేడం అటూ ఇటూ చూసింది. పార ఉంది. బకెట్టు ఉంది. తాడు ఉంది. దారిలో అంత బాగా వచ్చిన మాటలు ఇక్కడ ఒక్కటీ రాలేదు. ఎదురుగా ఎర్రగా, తడితడిగా, కొండంత ఎత్తున నిలబడి ఉన్నది తప్ప ఆవిడ కంటికి ఇంకేమీ ఆనలేదు.

"మీ ట్రాక్టరు ఒకసారి ఇస్తారా?" అంది. "రేపు ఇచ్చేస్తాను."

తల్లి చేతిలో నీళ్ళగ్లాసు గాల్లోనే ఆగిపోయింది. కూతురు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ట్రాక్టరాయన గొట్టం కింద పడేశాడు.

"ట్రాక్టరా?"

"అవునండీ."

"మొత్తమా?"

"మొత్తమే."

"మీకు నడపడం వచ్చా?"

"రాదండీ. మీరే నడుపుకుంటూ తీసుకురావాలి."

"దేనికి?"

"మా గ్రౌండంతా గుంతలండీ. పిల్లలు పరిగెత్తితే పడుతున్నారు. చదును చేయడం మాలో ఎవరికీ చేతకాదు." ఆవిడ ట్రాక్టరు మీది నుంచి చూపు తిప్పి ఆయన వంక చూసింది. "నేను ఎవరినీ ఏదీ అడిగి ఎరగను. మీరు కాదంటే ఇంకో గుమ్మం ఎక్కి అడిగే ధైర్యం నాకు లేదు."

ఆ మాటలో అబద్ధం లేదని ఆయనకి తెలిసినట్టే ఉంది. తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ ఆవిడ వంక తేరిపార చూశాడు. బడి పెద్దమేడం తన ముంగిట్లో చెమటలు కక్కుతూ నిలబడి ఉంది.

"మీ గేటులోంచి ట్రాక్టరు పట్టదు మేడం."

"గేటు తీయిస్తాను."

"రెండు తలుపులూ బార్లా తీసినా పట్టదు."

"తెరవడం కాదండీ. ఊడదీయిస్తాను."

ట్రాక్టరాయన మీసం కింద ఏదో కదిలింది. లేచి వస్తూ పెద్దమేడం ఇంకో మాట చెప్పింది. "పెద్దవాళ్ళని తెస్తేనే తరగతిలోకి రావాలన్న నియమం నేను పెట్టిందే. అది తప్పు. తీసేశాను." ఆయన గొట్టం మళ్ళీ అందుకున్నాడు.

మర్నాడు పొద్దున బడి గేటు గోడకి ఆనించి ఉంది. దాని తాలూకు మేకులు పీకలేక తోటి మాస్టార్ల చేతులు బొబ్బలెక్కాయి. ట్రాక్టరు వీధి మలుపులో కనబడగానే గదులన్నీ ఖాళీ అయ్యాయి. ఎన్నో ఏళ్ళ కిందట ఆ గేటులోంచి నడిచి వెళ్ళిపోయిన మనిషి, ఇప్పుడు అందరి తలల కన్నా ఎత్తున కూర్చుని, ఎటూ చూడకుండా లోపలికి వచ్చాడు. పిల్లలు కేకలు పెట్టారు. ఆయన మెడ ఇంకాస్త నిటారుగా అయింది.

అరువు మాస్టారు ట్రాక్టరుని నఖశిఖపర్యంతం చూసి పెద్దమేడం వైపు తిరిగాడు. "ఎంత ఆశ మేడం మీకు. ఇన్నేళ్ళలో నేను మేకని మించి అడగలేదు."

ఆ చప్పుడుకి ఊరు కదిలింది. పాలావిడ వచ్చింది, సెలూన్ ఆయన కత్తెర చేతిలో పట్టుకునే వచ్చాడు, కోళ్ళగంప ముసలమ్మ గంప తెచ్చి ఆటసామాను గదిలో పెట్టేసి, ఏమీ ఎరగనట్టు వరండాలో కూర్చుంది. మధ్యాహ్నానికి గ్రౌండు ఒక రూపానికి వచ్చింది. పెద్దమేడం ట్రాక్టరాయన్ని టీకి పిలిచింది. ఆయన గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగాడు. తర్వాత చెప్పులు విడవబోయి, మానేసి, మట్టి చెప్పులతోనే లోపలికి వచ్చి కూర్చున్నాడు. గదిలో లెక్కల మాస్టారు కూడా ఉన్నాడు. ఆయన ఎవరి మెప్పు కోసమూ మాట్లాడే మనిషి కాదు.

ట్రాక్టరాయన టీ వంక చూస్తూ అడిగాడు. "మా అమ్మాయి లెక్కల్లో మరీ అంత మొద్దా అండీ?"

"మొద్దు కాదు. సగం దాకా బాగానే చేస్తుంది. ఆగిపోయిన చోట నన్ను అడగదు. అంతే తేడా."

"అడగడం మా ఇంట్లో ఎవరికీ రాదండీ" అన్నాడు ట్రాక్టరాయన.

"నాకూ రాదండీ" అంది పెద్దమేడం. "నిన్ననే మొదలుపెట్టాను."

ముగ్గురూ టీ తాగారు. ట్రాక్టరాయన లేచి వరండా వెంట నడుస్తూ పదో తరగతి కిటికీ దగ్గర ఆగాడు. లోపల పిల్లలు తలలు వంచుకుని రాసుకుంటున్నారు. మొదటి వరసలో ఒక చోటు ఖాళీగా ఉంది. అది ఎవరిదని ఆయన అడగలేదు. అడగాల్సిన అవసరమూ లేదు.

సాయంత్రానికి పని పూర్తయింది. గ్రౌండు అరచేతిలా ఉంది. ఒక గుంత లేదు, ఒక మిట్ట లేదు. ట్రాక్టరాయన తాళంచెవి జేబులోంచి తీశాడు.

"రేపు కూడా ట్రాక్టరు కావాలండీ" అంది పెద్దమేడం.

"రేపు పొద్దున పిల్లని బస్సెక్కించాలి మేడం. అయినా పని అయిపోయిందిగా."

"అవలేదు." ఆవిడ చేయి చాచి చూపించింది. "ఆ మూల ఇంకా ఎత్తుగా ఉంది."

ట్రాక్టరాయన ఆ మూలని చూశాడు. ఎటు నుంచి చూసినా అక్కడ నేలే ఉంది, ఎత్తు లేదు. అరువు మాస్టారు ఎవరూ చెప్పకుండానే పంచె ఎగ్గట్టి ఆ మూల దాకా నడిచి వెళ్ళాడు. చదునుగా ఉన్న నేలని కాలితో తట్టి చూసి, "చాలా ఎత్తుగా ఉంది మేడం, కాలు తగిలి పడబోయాను" అని అక్కడి నుంచే కేకేశాడు.

ట్రాక్టరాయన మాస్టారి వంక చూశాడు. పెద్దమేడం వంక చూశాడు. తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. అది తుడుచుకోవడానికి కాస్త ఎక్కువసేపే పట్టింది.

"ఎత్తుగానే ఉంది మేడం" అన్నాడు చివరికి. "రేపు బడి గంటకి వస్తాను. అమ్మాయినీ ట్రాక్టరు మీదే తీసుకొస్తాను."